అక్టోబరు చివరి రాత్రుల్లో పాత దెయ్యం సినిమాలు చూసే పద్ధతి, కథలు చెప్పే పద్ధతి

ఒడిశాలో మన తెలుగువాళ్ళుండే బరంపురంలో అక్టోబరు నెలాఖరుకి సాయంత్రం 5.20 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. ఆరు దాటేసరికి చిక్కటి చీకటి. పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో నాలుగైదు నిమిషాల తేడా అంతే. ముంబయిలో ఇంకా వెలుతురుండగానే మన దగ్గర దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది. పాత భయానక సినిమాకి కావలసిన మొదటి సరుకు చీకటి. అది మనకి ముప్పావుగంట ముందే చేతికొస్తోంది. ఏడింటికి మొదలుపెడితే డెబ్బై, ఎనభై నిమిషాల సినిమా ఒకటి చూసి, అన్నాలు తిని, పదిలోపు ఒక కథ కూడా చెప్పుకోవచ్చు.

పాత దెయ్యం సినిమా పెడితే ఇంటిల్లిపాదీ నవ్వారంటే తప్పు చాలాసార్లు గదిది. ట్యూబ్‌లైటు వెలుగుతుంటుంది, ఫ్యాను ఐదులో తిరుగుతుంటుంది, ఒకరు అప్పడం కొరుకుతుంటారు, ఇంకొకరు ఫోను చూస్తుంటారు. ఆ సినిమాలు తీసినవాళ్ళు చీకటి హాల్లో, మాట్లాడకుండా కూర్చున్న జనాన్ని తలుచుకుని తీశారు. తెరమీద సగం నలుపే ఉంటుంది, భయం ఆ నలుపులోనే దాచి ఉంటుంది. గదిలో లైటు వేశామంటే నలుపు బూడిదరంగవుతుంది, దాచినది పోతుంది. అందుకే ఇక్కడ సినిమాల కంటే ముందు గది సంగతి.

పడమటి దేశాల దెయ్యాల పండుగ హాలోవీన్ అక్టోబరు 31 రాత్రి. మర్నాడు క్రైస్తవులకి సకల పరిశుద్ధుల పండుగ, నవంబరు 2న పోయినవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థనలు. ఐర్లండులో టర్నిప్ దుంపలు తొలిచి లోపల దీపం పెట్టేవాళ్ళు, అమెరికా చేరాక దాని స్థానంలో గుమ్మడికాయ వచ్చింది. ఈ రోజుల తీరు మనకి కొత్తేమీ కాదు. దీపావళి రాత్రి ఒడియా వాళ్ళ ఇళ్ళ ముందు జనపకాడలు వెలిగించి, చీకట్లో వచ్చి వెలుగులో వెళ్ళమని పోయిన పెద్దల్ని పిలుస్తారు. మన ఇళ్ళల్లో గోగుకాడలకి నూనెగుడ్డ చుట్టి పిల్లల చేత దిబ్బు దిబ్బు కొట్టిస్తాం. పోయినవాళ్ళు ఏడాదికొక రాత్రి గుమ్మం దాకా వస్తారన్న ఊహ ఈ వీధుల్లో ఎప్పటినుంచో ఉంది. ముసుగులూ ప్లాస్టిక్ అస్థిపంజరాలూ కొనక్కర్లేదు.

తేదీ మాత్రం చూసుకోండి. దీపావళి 2024లో అక్టోబరు 31నే పడింది, 2026లో నవంబరు 8న, 2027లో అక్టోబరు 29న వస్తుంది. పండక్కి ముందూ వెనకా రెండేసి రాత్రులు టపాకాయల మోతలో నెమ్మదైన సినిమా ఏదీ నిలవదు. ఆ రోజులు వదిలేసి ముందో వెనకో జరపండి.

గది

కిటికీకి మామూలు తెర చాలదు. వీధి స్తంభం మీది ఎల్‌ఈడీ లైటు తెర అంచుల్లోంచి దూరి గోడమీద తెల్ల గీత గీస్తుంది. రగ్గు గానీ మందపు దుప్పటి గానీ కిటికీ చట్రానికి మించి నాలుగు వైపులా జానెడు ఉండేలా తగిలించండి. రూటరు, ఇన్వర్టరు, సెట్‌టాప్ బాక్సుల మీద మినుకుమనే చిన్న దీపాలకి నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించండి. చీకటి గదిలో ఆ ఒక్క పచ్చ చుక్క కంటిని లాగుతూనే ఉంటుంది.

పూర్తి చీకటి కూడా మంచిది కాదు. తెర ఒక్కసారి తెల్లబడినప్పుడు కళ్ళు నొప్పెడతాయి, అరగంటకి తలనొప్పి మొదలవుతుంది. టీవీ వెనకాల, గోడవైపు తిరిగేలా ఒక జీరో బల్బు పెట్టండి. వెలుగు గోడమీద పడాలి, మనుషుల మీద పడకూడదు. తెల్లదో పసుపుదో వాడండి. ఎర్ర బల్బు పెడితే నలుపు తెలుపు బొమ్మ పక్కన కన్ను తికమకపడుతుంది. దేవుడి గదిలో దీపం వెలుగుతుంటే దాన్ని ముట్టుకోవద్దు, తలుపు దగ్గరగా వేస్తే చాలు.

ఫ్యాను ఒకటిలో పెట్టండి, వీలైతే ఆపేయండి. గదంతా పరుచుకునే ఆ హోరు దూరపు అడుగుల చప్పుడు, తలుపు కిర్రు, ఊపిరి లాంటి సన్నటి శబ్దాల్ని మింగేస్తుంది. తినడానికి కరకరలాడేవి వద్దు. బరంపురం అప్పడాలంటే ఎంత ఇష్టమున్నా ఆ రాత్రికి అన్నంలోకి ఉంచండి. ఉడకబెట్టిన వేరుశెనగకాయలు ముందే వొలిచి గిన్నెలో పోసిపెట్టండి, చిలగడదుంపలు ఉడికించండి. కార్తీకమాసం నియమం పాటించే ఇళ్ళకీ ఇవి సరిపోతాయి. టీ సినిమాకి ముందు ఒకసారి, తరువాత ఒకసారి. మధ్యలో గ్లాసులు తిప్పితే పట్టు తెగిపోతుంది.

టీవీ

పిక్చర్ మోడ్ ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కి గానీ ‘ఫిల్మ్‌మేకర్’కి గానీ మార్చండి. మోషన్ స్మూతింగ్ అనే సదుపాయాన్ని ఆపండి. కంపెనీని బట్టి ట్రూమోషన్ అనో మోషన్‌ఫ్లో అనో పేరుంటుంది. సినిమాలో సెకనుకి 24 బొమ్మలే ఉంటాయి. ఈ సదుపాయం వాటి మధ్యలో సొంతంగా బొమ్మలు కల్పించి ఇరికిస్తుంది. దాంతో 1931 నాటి సినిమా నిన్న తీసిన సీరియల్‌లా జారుతూ కనిపిస్తుంది.

బ్రైట్‌నెస్ సరిచూడటానికి ఒక తేలిక పద్ధతి. నల్లకోటు వేసుకున్న మనిషి చీకట్లో నిలబడ్డ చోట సినిమా ఆపండి. కోటు మడతలు కనిపించకుండా పోయేదాకా తగ్గించి, మళ్ళీ రెండు మెట్లు పెంచండి. మడతలు లీలగా తెలియాలి, వెనక గోడ తెలియకూడదు.

పాత సినిమా బొమ్మ దాదాపు చతురస్రం, అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి. వాటిని నింపడానికి సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా అవుతారు, నవ్వొస్తుంది. వెడల్పు తెర సినిమాకి పైనా కిందా పట్టీలొస్తాయి. అక్కడ జూమ్ నొక్కితే ఇంకా నష్టం. 1961 నాటి ‘ది ఇన్నొసెంట్స్’లో చూడవలసింది బొమ్మ అంచుల్లోనే ఉంటుంది, ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ అంచులు నల్లబడేలా ఫిల్టర్లకి రంగు పూసి మరీ తీశాడు. జూమ్ చేస్తే ఆ పనంతా తెర బయటికి పోతుంది. ఇంకో మాట, ఆ సినిమా మొదలవగానే తెర నల్లగా ఉండి ఒక చిన్నపిల్ల పాట మాత్రమే వినిపిస్తుంది. టీవీ పాడైందనుకుని రిమోట్ తీయకండి.

శబ్దానికి ‘నైట్ మోడ్’, ‘ఆటో వాల్యూమ్’ ఉంటే తీసేయండి. గుసగుసనీ కేకనీ అవి ఒకే ఎత్తుకి తెస్తాయి. పాత్రలు మామూలుగా మాట్లాడే చోట వాల్యూమ్ సరిపెట్టుకుని, ఇక రిమోట్ ఎవరికీ అందని చోట పెట్టండి.

ఏది ముందు

సంవత్సరాల వరసలో చూడాలని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే మొదటి రాత్రే మూకీ చిత్రం ఎదురై, కొత్తవాళ్ళు రెండో రాత్రికి రారు. మొదటి రాత్రికి 1942లో జాక్ టర్నర్ దర్శకత్వంలో వచ్చిన ‘క్యాట్ పీపుల్’ పెట్టండి. 73 నిమిషాలు. నిర్మాత వాల్ ల్యూటన్ చేతిలో డబ్బు తక్కువ, అందుకని భయపెట్టేదాన్ని దాదాపు చూపించకుండానే నడిపించారు.

అందులో ఒక ఘట్టాన్ని రెండుసార్లు చూడండి. రాత్రివేళ పార్కు గోడ పక్కన ఒక ఆడమనిషి నడిచి వెళుతుంటుంది, వెనకాల ఇంకొకామె. నేపథ్య సంగీతం లేదు. వినిపించేవి ఎత్తుమడమల చెప్పుల టకటకలు, రెండు జతలవి. దీపస్తంభాల కింద వెలుగు మడుగులు, మధ్యలో చీకటి. కొంతసేపటికి వెనకాల టకటక ఆగిపోతుంది. ముందున్నామె ఆగి వింటుంది, ఏమీ లేదు, వేగం పెంచుతుంది. మనం కూడా ఆగిపోయిన ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కిస్తాం. సరిగ్గా అప్పుడు బుస్సుమని శబ్దం, తెర పక్కనుంచి బస్సు దూసుకొస్తుంది. అది బ్రేకు గాలి చప్పుడు. ఈ ఉపాయం తరువాతి వాళ్ళకి ఎంత నచ్చిందంటే, ఇలాంటి ఉత్తుత్తి ఉలికిపాటుకి సినిమావాళ్ళు ‘ల్యూటన్ బస్సు’ అని పేరే పెట్టుకున్నారు. రెండోసారి చూసేటప్పుడు కళ్ళు మూసుకుని వినండి. ఎత్తుమడమల చప్పుడు ఏ క్షణంలో ఒకటైందో పట్టుకోగలిగితే, ఆ తరవాత ఏ పాత సినిమా అయినా మీకు వినపడుతుంది.

రెండో రాత్రి మూకీ. 1922లో ఎఫ్.డబ్ల్యూ. మూర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’. డ్రాక్యులా నవలని అనుమతి లేకుండా వాడుకున్నందుకు రచయిత భార్య కోర్టుకెళ్ళింది, ప్రతులన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది. మిగిలిన ప్రతుల పుణ్యమాని ఈ రోజు చూడగలుగుతున్నాం. ఉచితంగా దొరికే ప్రతులు చాలా ఉన్నాయి, కానీ అన్నీ చూడదగ్గవి కావు. రెండు గుర్తులు చూడండి. మొదటిది నిడివి, గంటన్నర దగ్గరున్నది తీసుకోండి. గంటకి కాస్త పైనున్నవాటిలో మనుషులు బొమ్మల్లా గబగబా నడుస్తారు. మూకీల కాలంలో సెకనుకి తక్కువ బొమ్మలు తీసేవాళ్ళు, వాటిని ఇప్పటి వేగంతో నడిపిస్తే వచ్చే తంటా అది. రెండోది రంగు. రాత్రి దృశ్యాల్ని పగలే తీసి, ఫిల్ముకి నీలిరంగు అద్దారు. రంగు లేని ప్రతిలో పిశాచి మిట్టమధ్యాహ్నం వీధిలో తిరుగుతున్నట్టుంటుంది. అది చూసి దర్శకుడికి తెలివి లేదనుకుంటారు పాపం. నీలం, పసుపు మారుతూ కనిపించే ప్రతినే ఎంచుకోండి.

మూకీలో మధ్యమధ్య వచ్చే అక్షరాల పలకల్ని ఒకరు తెలుగులో పైకి చదవాలి. జపానులో ఈ పనికి బెన్షీ అనే కళాకారులే ఉండేవాళ్ళు, తెర పక్కన నిలబడి కథ నడిపేవాళ్ళు. ఇంట్లో గొంతు బాగున్న మావయ్యో అత్తయ్యో ఆ పని తీసుకుంటే ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు కూడా కూర్చుంటారు. ముందురోజు ఒకసారి చూసి, పలకలకి తెలుగు కాగితం మీద రాసిపెట్టుకోవాలి. అప్పటికప్పుడు అనువాదం చేయబోతే తడబాటొస్తుంది. పలక పోయేలోపు ముగించాలి, బొమ్మ నడుస్తుండగా వ్యాఖ్యానం చేయకూడదు. ప్రతితో వచ్చిన సంగీతం బాగాలేకపోతే మూగగా మాత్రం చూడకండి, ఆ రోజుల్లో హాల్లో వాద్యం వాయించేవాళ్ళు. శ్రుతిపెట్టెని మంద్రంలో, వినీ వినపడనట్టు పెడితే ఆశ్చర్యంగా అతుకుతుంది.

హిందీ అర్థమయ్యే ఇళ్ళలో మూడో రాత్రికి 1949 నాటి ‘మహల్’. దర్శకుడు కమాల్ అమ్రోహీ, నటులు అశోక్ కుమార్, మధుబాల. ఖేమ్‌చంద్ ప్రకాశ్ కూర్చిన ‘ఆయేగా ఆనేవాలా’ పాట పెద్దవాళ్ళకి నోటికొచ్చి ఉంటుంది. విడిగా విన్నప్పుడు అది పాట, సినిమాలో అది ఇంట్లో ఎవరో ఉన్నారనడానికి సాక్ష్యం. ఎత్తుగడలో గొంతు ఎంత దూరం నుంచి మొదలవుతుందో గమనించమని ముందే చెప్పండి. సినిమా రెండున్నర గంటలకి మించుతుంది, ఆ రోజు కథ చెప్పుకోవడం వద్దు. తెలుగే కావాలంటే రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ ఉంది. మామూలు కుటుంబం, మామూలు ఇల్లు, అందుకే అందులో భయం మన హాల్లోకి వచ్చేస్తుంది.

‘ది ఇన్నొసెంట్స్’నీ, 1963లో రాబర్ట్ వైజ్ తీసిన ‘ది హాంటింగ్’నీ చివరికి ఉంచండి. రెండోదానిలో దెయ్యం తెరమీదికి రానే రాదు, తలుపవతల చప్పుడు మాత్రమే. ముందు రాత్రుల్లో వినడం అలవాటైన వాళ్ళకే అది పూర్తిగా దక్కుతుంది. హిచ్‌కాక్ ‘సైకో’ (1960), రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968) పెద్దవాళ్ళకి మాత్రమే. ‘సైకో’ విడుదలైనప్పుడు మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వలేదు. మన ఇంట్లోనూ ఆ నియమం పెట్టుకోవచ్చు, ఏ సినిమాకైనా. ‘సైకో’ సంగీతంలో తీగవాద్యాలు తప్ప మరేమీ లేవు, వినిపించిన ప్రతిసారీ దాన్ని గుర్తుపట్టండి.

సినిమా అయిన వెంటనే లైటు వేయకండి. ఐదు నిమిషాలు అలాగే కూర్చుని ఒకటే అడగండి, ఎక్కడ భయమేసింది, అప్పుడు ఏం వినిపిస్తోంది? కథలో తప్పులు వెతికే చర్చ తెల్లారాక పెట్టుకోవచ్చు. భయపడ్డ పిల్లల్ని వెక్కిరించకండి. ఆ దృశ్యం ఎలా తీశారో పగటి వెలుతురులో చూపిస్తే భయం ఆసక్తి అవుతుంది. నల్ల తెలుపు సినిమాల్లో రక్తానికి చాక్లెట్ పాకం వాడేవాళ్ళని చెబితే సగం పని అయిపోతుంది.

కథ

గంజాం, గజపతి జిల్లాల్లో మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు, బళ్ళో మాత్రం ఒడియానో ఇంగ్లీషో చదువుతారు. తెలుగు పుస్తకం ఇస్తే చదవలేరు. నోటితో చెప్పే కథే వాళ్ళకి తెలుగు దారి. దెయ్యం కథని మించిన వాహనం దానికి లేదు, ఒక్క మాట జారినా అర్థం పోతుందని చెవులప్పగించి వింటారు కాబట్టి.

బేతాళ కథలతో మొదలుపెట్టండి. శ్మశానం, చెట్టు, భుజాన శవం, నోరు విప్పకూడదన్న షరతు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ‘చందమామ’ 1947 జూలైలో తెలుగులో మొదలైంది, 1956 నుంచి ఒడియాలో ‘జహ్నమాము’గా వచ్చింది. తెలుగులో విన్న పిల్లవాడికి అదే కథని ఒడియాలో చదువుకునే వీలుంది, పాత సంచికలు దొరికితే వదలకండి. చెప్పేటప్పుడు బేతాళుడి ప్రశ్న దగ్గర నిజంగానే ఆగండి. పిల్లలు తలో జవాబూ చెప్పి వాదులాడుకున్నాకే విక్రమార్కుడి నోరు తెరిపించండి.

పెద్దవాళ్ళకి కొత్త కథ కట్టాలంటే ఇంగ్లీషు దెయ్యం కథల రచయిత ఎం.ఆర్. జేమ్స్ దారి మంచిది. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో క్రిస్మస్ రోజుల్లో మిత్రులకి కొవ్వొత్తి వెలుగులో చదివి వినిపించిన కథలతో ఆయన తొలి సంపుటి 1904లో వచ్చింది. ఆయన మనుషులు తమ పని తాము చూసుకుంటూ ఉంటారు, తేడా ఒక్కటే మెల్లగా తలెత్తుతుంది. మన దగ్గర వస్తువులకి కొదవ లేదు. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే ఇరుకు పట్టాల చిన్న రైలు 2004లో ఆగింది, 2011 నుంచి అదే దారిలో వెడల్పు పట్టాల మీద పెద్ద రైలు నడుస్తోంది. ‘భయంకరమైన దెయ్యం రైలు వచ్చింది’ అంటే ఎవరూ ఉలకరు. ఇలా చెప్పి చూడండి: కాశీనగర్ దగ్గర పొలం నుంచి వస్తున్న మనిషి కూత విన్నాడు. గేటు దగ్గర ఆగాడు. బీడీ ముట్టించుకున్నాడు. రైలు రాలేదు, చప్పుడు మాత్రం ఎదురుగుండా సాగిపోతోంది. వంగి చూశాడు. ఆ చప్పుడు పట్టాల మీదినుంచి రావడం లేదు. రెండు పట్టాల మధ్యనుంచి వస్తోంది.

ఇందులో ఊరు నిజం, గేటు నిజం, బీడీ నిజం. అబద్ధం ఒక్కటే, అదీ చివర్న. ‘మధ్యనుంచి’ అన్న మాటకి గొంతు పెంచకండి, తగ్గించండి. తరువాత మూడు లెక్కపెట్టేంతసేపు మౌనంగా ఉండండి. ఆ మూడు అంకెల్లోనే చిన్న రైలు పట్టాల వెడల్పు ఎంతో విన్నవాళ్ళకి గుర్తొస్తుంది.

గడ్డం కింద టార్చి పెట్టుకోవడం మానండి, పిల్లలు నవ్వుతారు. లాంతరు ఒత్తి తగ్గించి నేలమీద, మీకు కాస్త వెనకగా పెట్టండి. మీ ముఖం సరిగా కనపడకూడదు, నీడ గోడమీద పడాలి. చిన్నపిల్లల్ని వీపు గోడకి ఆనేలా కూర్చోబెట్టండి, ధైర్యంగా ఉంటారు. భయం కావాలన్న పెద్దవాళ్ళని తెరిచిన తలుపుకి వీపు పెట్టి కూర్చోమనండి.

ఒక్క విషయంలో రాజీ వద్దు. చిల్లంగి (చేతబడి) కథల్లో బతికున్న మనిషినిగానీ, ఊళ్ళో ఫలానా ఇల్లనిగానీ, ఫలానా వీధి ముసలమ్మనిగానీ గుర్తొచ్చేలా చెప్పకండి. డాహాణీ, అంటే మంత్రగత్తె, అన్న ముద్ర వేసి ఆడవాళ్ళని కొట్టి చంపుతున్నారనే ఒడిశా 2013లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మన కొండ ప్రాంతాల్లో ఆ మాట కథ దగ్గర ఆగదు. కొరివిదెయ్యం, బ్రహ్మరాక్షసుడు, ఆగిపోయిన రైలు, ఇవి ఎవరికీ పొరుగువాళ్ళు కావు.

గుమ్మడికాయ దీపం కావాలంటే మూడు, నాలుగు కిలోల తియ్యగుమ్మడి తీసుకుని, అడుగున కోసి, గోడ రెండు సెంటీమీటర్ల మందం మిగిలేలా గీకండి. ప్రమిద పెడితే పైన పొగ పోయే చిల్లు ఉండాలి, లేకపోతే దీపం ఆరిపోతుంది. మన ఉక్కకి రెండు రోజుల్లో మెత్తబడుతుంది, కాబట్టి 30 సాయంత్రానికి ముందు కోయకండి. గుజ్జు దప్పళంలోకి.

చివరి మాట కరెంటు గురించి. అక్టోబరు మనకి తుఫానుల నెల, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఈ నెలలోనే వచ్చాయి. తుఫాను లేకపోయినా చిన్న గాలివానకే లైను పోతుంది. సినిమా మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టరుతో కుస్తీ పట్టకుండా లాంతరు తెచ్చి కథలోకి దిగండి, అంతకంటే మంచి సమయం దొరకదు. అయితే ముందు ఒకరు లేచి ట్యూబ్‌లైటు, ఫ్యాను, టీవీ స్విచ్చులన్నీ ఆపాలి. లేకపోతే కథ సరిగ్గా రెండు పట్టాల మధ్యకి చేరినప్పుడు కరెంటొచ్చి గదంతా తెల్లగా వెలిగిపోతుంది.